కార్తెల వెంట మన డెల్టా: మీ ఊళ్ళో ఇప్పుడేం కనిపిస్తోంది?

లంకగట్టు (జూన్ 11)

సభ్యులందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, మొన్న సంక్రాంతికి వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న మా ఊరికి శాశ్వతంగా వచ్చేశాను. మా తాతగారు పంచాంగం తెరవకుండానే ఏ కార్తె నడుస్తోందో చెప్పేవారు. నేను పంచాంగం ముందు పెట్టుకుని కూడా తడబడుతున్నాను. కాలువ నీటి రంగు, తాటిచెట్టు మీది సందడి, సాయంత్రం తీగల మీద వాలే పిట్టల వరుస ఆయనకు తేదీలు చెప్పేవి. ఆ చదువు ఆయనతోనే పోయింది. మనలో తలొకరికీ దానిలో ఒక ముక్క తెలిసి ఉంటుందన్న ఆశతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఏ కార్తెలో ఏ ప్రాణి కనిపించింది, అది ఏం చేస్తోంది, దానికి మన వలన ఏం ఇబ్బంది కలుగుతోంది అన్న సంగతులు రాయండి. గూళ్ళు, గుడ్లు ఉన్న చోటు మాత్రం ఊరు పేరుతో రాయవద్దని మనవి.

మొదటిది నాదే. మృగశిర వచ్చి మూడు రోజులైంది, కాలువలకు నీళ్ళు వదిలారు, సార్వా నారుమళ్ళకు దుక్కులు మొదలయ్యాయి. ట్రాక్టరు వెనుక తెల్లకొంగలతో పాటు బూడిద రంగు పెద్ద కొంగలు డెబ్బై దాకా నడుస్తున్నాయి. వాటి ముక్కు మూసుకున్నా మధ్యలో సందు కనిపిస్తోంది. మొదట ఏదో ఒక పక్షికి ముక్కు విరిగిందనుకున్నాను, తరువాత చూస్తే అన్నిటికీ అలాగే ఉంది.

పిట్టల మాస్టారు (జూన్ 13)

లంకగట్టు గారూ, అవి నత్తగుల్ల కొంగలు. ఆ సందు పుట్టుకతో రాదు. పిల్లలకు ముక్కు మామూలుగానే ఉండి, పెరిగేకొద్దీ వంపు తిరుగుతుంది. నీటి అడుగున ఉన్న నత్తను పట్టుకుని, పై ముక్కుతో అదిమి, కింది ముక్కు కొనను గుల్ల మూత కిందికి దూర్చి లోపలి కండను లాగేస్తాయి. గుల్ల సాధారణంగా పగలదు. అవి తిని వెళ్ళిన గట్టు మీద ఖాళీ గుల్లలు పోగుపడి ఉంటాయి, చూడండి. వానాకాలంలో చింత, తుమ్మ, రావి వంటి చెట్ల మీద గుంపుగా గూళ్ళు కడతాయి. చెట్టు కింద రెట్ట వాసన వస్తుందని కొమ్మలు కొట్టించేవారు ఉన్నారు. మా ఊరి చెరువుగట్టు చింతచెట్టు విషయంలో పదేళ్ళ కిందట ఆ గొడవే జరిగింది. చివరికి ఆ రెట్ట కలిసిన చెరువు మట్టిని కొబ్బరి మొక్కలకు వేసుకున్నవారే చెట్టును కొట్టనివ్వలేదు.

ఇంకొక పది రోజుల్లో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలి వానకు ఎర్రటి మఖమలు ముద్దలా నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగుల కోసం మెట్ట అంచుల్లోనూ ఇసుక నేలల్లోనూ వెతకండి. పురుగు అని పిలుస్తాం గాని వాటికి ఎనిమిది కాళ్ళు, సాలీడు కుటుంబానికి దగ్గరివి. పిల్ల దశలో మిడతల వంటి వాటిని అంటిపెట్టుకుని బతుకుతాయి, పెద్దవయ్యాక మట్టిలో ఇతర కీటకాల గుడ్లు తింటాయి. అంటే రైతు పక్షాన పనిచేసే జీవి. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆడుకున్న పాపం నాదీ ఉంది.

గట్టుమీది రైతు (జూన్ 14)

అందరూ అందంగా రాస్తున్నారు గనుక నేను కొంచెం కటువుగా రాస్తాను, క్షమించండి. నాకు నాలుగెకరాల్లో రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. మీకు కన్నుల పండువుగా ఉండే నీటికాకులు, కొంగలు నా మేత తిన్న రొయ్యను తింటాయి. అంతకన్నా పెద్ద భయం తెల్లమచ్చ వ్యాధి. పక్క చెరువులో చచ్చిన రొయ్యను కాకి ఎత్తుకొచ్చి నా చెరువులో జారవిడిస్తే నాలుగు రోజుల్లో మొత్తం పంట పోవచ్చు. అందుకే చెరువుల పైన వల కట్టాను. వలలో పక్షులు చిక్కి చస్తున్నాయని మొన్న ఒక కుర్రవాడు ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. ఆ ఫోటో తీసినవాడు నా బ్యాంకు అప్పు కడతాడా?

పైగా నెల రోజులుగా రాత్రిపూట గట్టు మీద పెద్ద పిల్లి ఒకటి తిరుగుతోంది. ఒంటి మీద మచ్చలున్నాయి. ఊళ్ళో వాళ్ళు చిరుతపులి పిల్ల అంటున్నారు. గట్టు చుట్టూ కరెంటు తీగ వేద్దామని మా బావమరిది అంటున్నాడు.

తిల్లచెట్టు (జూన్ 14)

అన్నగారూ, దయచేసి ఆ తీగ వేయకండి. మాది కోరింగ పక్క, పడవ నడుపుకునే కుటుంబం. మీరు చెబుతున్నది బావురుపిల్లి, నీటిపిల్లి అని కూడా అంటాం. ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది, కాళ్ళు పొట్టి, తోక ఒంటికి తగ్గ పొడవు ఉండదు, చెవులు చిన్నవి. వేళ్ళ నడుమ కొంచెం చర్మం ఉండటం వలన నీళ్ళలో హాయిగా ఈదుతుంది. చిరుతపులికి తోక చాలా పొడవు, అదొక్కటి గుర్తుపెట్టుకుంటే పొరపాటు పడరు. 2018లో అటవీ శాఖ లెక్కల్లో మా కోరింగ అభయారణ్యంలో ఇవి 115 ఉన్నట్టు అంచనా వేశారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు ఇది. తీగ తగిలి చస్తే కేసు మీ మీదికే వస్తుంది. చట్టం మాట అటుంచితే, తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్ళేది మీ కూలీలే కదా, తీగ వాళ్ళకు తగలదని ఎవరు చెప్పగలరు?

ఒక సంగతి నిదానంగా చూడండి. అది చేపలు, పీతలతో పాటు ఎలుకలను కూడా తింటుంది. మీ గట్టుకు బొక్కలు పెట్టేది ఎలుకలూ పీతలే.

గట్టుమీది రైతు (జూన్ 15)

తమ్ముడూ, కూలీల మాట విన్నాక తీగ ఆలోచన మానుకున్నాను. వల మాత్రం తీయను.

పిట్టల మాస్టారు (జూన్ 16)

వల తీయమని ఎవరూ అనకూడదు, అది ఆయన జీవనోపాధి. అయితే సన్నని నైలాను వల పక్షికి కనిపించదు. దూకి చిక్కుకున్న తరువాత మీ కూలీ వెళ్ళి విడదీయాలి, లేదా అది అక్కడే కుళ్ళి చెరువులో పడుతుంది. వ్యాధి వస్తుందని వల కట్టి, కుళ్ళిన పక్షిని చెరువులో పడనివ్వడం మీకే నష్టం. వలకు బదులు చెరువుకు అడ్డంగా తాళ్ళు లాగి, వాటికి మెరిసే రిబ్బను కట్టే పద్ధతి చాలామంది పాటిస్తున్నారు. వల ఉంచాలంటే దారం లావుగా, రంగు కొట్టొచ్చినట్టు ఉండాలి, వదులుగా వేలాడకుండా బిగించి కట్టాలి. ఒక చెరువు మీద ప్రయత్నించి ఫలితం ఇక్కడే రాయండి, బాగులేకపోతే బాగులేదనే రాయండి.

ధవళేశ్వరం గాలి (జూలై 27)

పుష్యమి కార్తె. ఎర్రనీరు వచ్చింది. గోదావరి ఎరుపు తిరిగిందంటే మా ఊళ్ళో మాట్లాడుకునేది ఒక్క పులస గురించే. సముద్రంలో ఉన్నప్పుడు వలస అనీ, నదిలోకి ఎదురీది వచ్చాక పులస అనీ పిలుస్తారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత వినని గోదావరి ఇల్లు లేదు. ఈ ఏడాది మా వీధిలో ఇంతవరకు ఒక్క ఇంట్లో వండారు, అది కూడా అసలైనదో కాదో అన్న అనుమానం వాళ్ళకే తీరలేదు. వేరే రాష్ట్రపు చేపను పులస పేరుతో అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది.

మాస్టారూ, ఇది ఎందుకు తగ్గుతోంది?

పిట్టల మాస్టారు (జూలై 28)

అది గుడ్లు పెట్టడానికే ఏటికి ఎదురీదే చేప. మనం ఎక్కువ ధర ఇచ్చి కొనేది సరిగ్గా ఆ ప్రయాణంలో ఉన్న తల్లినే. దీనికి తోడు కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట దగ్గరే దాని దారి ఆగిపోతుంది. ఆ ఆనకట్ట లేకపోతే మన డెల్టాకు అన్నం లేదు, అది నిజమే. కానీ ఆ అన్నానికి చేప చెల్లించిన వెల కూడా ఉంది. నదీముఖాల్లో సన్నకన్ను వలలు వేసి చిన్న చేపలను ఊడ్చేయడం మనం నేటికీ ఆపగలిగిన పని. పులస తినవద్దని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు, మా ఇంట్లోనే నా మాట చెల్లదు.

లంకగట్టు (ఆగస్టు 9)

ఆశ్లేష. మా లంకలో మోకాలి లోతు నీరు వచ్చి తీసింది. నీటితో పాటు పాములు ఇళ్ళ అరుగుల మీదికి చేరాయి. నిన్న ఒక్కరోజే మా వీధిలో అయిదు పాములను కొట్టారు. నేను చూసిన వాటిలో నాలుగు నీరుకట్టు పాములు. కోపం ఎక్కువ, కరుస్తుంది, అయితే విషం లేదు. అయిదోది జెర్రిపోతు. సార్వా చేలలో ఎలుకలకు మందు పెట్టడానికి మనం డబ్బు ఖర్చు చేస్తాం, ఆ పనిని ఉచితంగా చేసే పామును కర్రతో కొడతాం. ఏది విషపుదో తెలియనప్పుడు దూరంగా నిలబడి దారి ఇవ్వడమే మంచిదని పిల్లలకు చెప్పాను. కట్లపాము, రక్తపింజర కూడా మన దగ్గర ఉన్నాయి గనుక ధీమాగా చేత్తో పట్టుకోవడానికి ఎవరూ వెళ్ళవద్దు. కరిస్తే కట్టు కట్టి, కోసి, మంత్రం వేయించి కాలం గడపకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇసుకతిన్నె (ఆగస్టు 10)

అదే వీధి నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తుంది! మా అత్తగారితో ఈ మాట అంటే ఆవిడ నవ్వి, దేవుడైతే పుట్టలోనే ఉండాలి గాని అరుగు మీదికి రాకూడదన్నారు. ఆవిడ ఎగతాళిగా అన్నా అసలు చిక్కు అదేనేమో. పుట్టలున్న పోరంబోకులు, గట్టు తుప్పలు అన్నీ చదును చేసేశాక పాము అరుగు మీదికి కాక ఎక్కడికి పోతుంది?

ఉప్పుటేరు (నవంబరు 3)

చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మాది కాకినాడ. స్వాతి కార్తె ముగుస్తోంది, వలస పక్షులు దిగాయి. నగరానికి ఆనుకుని ఉన్న కుంభాభిషేకం తీరపు బురద నేలకు నిన్న ఉదయం వెళ్ళాను. అక్కడికి వెళ్ళేవారు గడియారం కన్నా ముందు పోటు, పాటు చూసుకోవాలి. పూర్తిగా పాటు ఉన్నప్పుడు పక్షులు బురద చివరన చుక్కల్లా ఉంటాయి, ఏదీ గుర్తుపట్టలేం. పోటు ఎక్కడం మొదలైన గంట, గంటన్నరలో నీరు వాటిని మెల్లగా మన వైపు నెడుతుంది. అప్పుడు కదలకుండా కూర్చుంటే చాలు.

నిన్న కనిపించిన వాటిలో సైబీరియా ఈశాన్యపు కొండల్లో గుడ్లు పెట్టి ఇంత దూరం ఎగిరివచ్చే గ్రేట్ నాట్ పక్షులు ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరిన ఈ పక్షి మన ఊరి చివర బురదలో ముక్కు గుచ్చి తింటుంటే, దాని వెనుకనే ప్లాస్టిక్ సంచులు పోటుకు తేలుతున్నాయి. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడవుగా ఉండి, ఎగురుతూనే నీటిని కోసుకుంటూ పోయే ఇండియన్ స్కిమ్మర్ కోసం కూడా చూశాను. ఈసారి ఇంకా రాలేదు.

ఒక విన్నపం ఉంది. కుక్కలను అక్కడికి తీసుకువెళ్ళి వదలవద్దు, ఫోటో కోసం గుంపును ఎగరగొట్టవద్దు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షి తిని కొవ్వు పట్టాలి. ప్రతిసారీ మనం లేపితే తిన్నదంతా ఎగరడానికే సరిపోతుంది.

తిల్లచెట్టు (నవంబరు 6)

ఈ తేదీ మా ఇంట్లో ఎవరూ మరచిపోరు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్నగారు పడవను మడ అడవి లోపలి పాయలోకి తీసుకుపోయి తిల్ల, నల్లమడ చెట్లకు నాలుగు వైపులా కట్టి వచ్చారు. బయట రేవులో ఉన్న పడవలు ముక్కలయ్యాయి, మాది మిగిలింది. అంతకు చాలా ముందు, 1839 నవంబరు తుపానులో సముద్రం మీదపడి కోరింగ రేవు పట్టణమే తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు ఆ పేరు అభయారణ్యానికి మిగిలింది. 1978లో ప్రకటించిన ఆ అభయారణ్యం విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు.

చలికాలంలో మడ అడవి చూడటానికి రమ్మని అందరినీ పిలుస్తాను గాని, చెక్క వంతెన మీద సెల్ఫీ దిగి వెళ్ళిపోయేవారిని చూస్తే బాధ కలుగుతుంది. వంతెన మీద పావుగంట మౌనంగా నిలబడండి. పాటుకు తేలిన బురద మీద రెక్కలతో పాకే చిన్న చేపలు, ఒక చేయి పెద్దదిగా ఉండి దాన్ని ఊపే పీతలు కనిపిస్తాయి. అదృష్టముంటే నీటికుక్కల కుటుంబం పాయను దాటుతుంది. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవవద్దు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

చెట్టు పోయిన చోట మళ్ళీ పెంచడం గురించి కూడా చెప్పాలి. ఉప్పు తేరి గట్టిపడిన నేలలో మొక్క నాటితే బతకదు. ముందు ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా చేప ముల్లు ఆకారంలో ఏటవాలుగా పిల్ల కాలువలు తీస్తారు. పోటు నీరు లోపలికి ఎక్కి పాటుకు దిగుతుంటే ఉప్పు తగ్గుతుంది, అప్పుడు కాలువ అంచున నాటిన మడ నిలుస్తుంది. అలా తవ్విన కాలువల్లో పూడిక తీసే పనికి నేనూ రెండు సీజన్లు కూలికి వెళ్ళాను. నాటినప్పుడు ఫోటోలు దిగడానికి చాలామంది వస్తారు, పూడిక తీయడానికి ఎవరూ రారు.

గట్టుమీది రైతు (డిసెంబరు 18)

మాస్టారికి బాకీ ఉన్న జవాబు. రెండు చెరువుల్లో ఒకదాని మీద వల తీసి, తాళ్ళు కట్టి రిబ్బన్లు వేలాడదీశాను. కొంగలు, కాకులు బాగా తగ్గాయి. నీటికాకులు మాత్రం వారం రోజుల్లో అలవాటుపడి తాళ్ళ కిందినుంచి దూరుతున్నాయి. తాళ్ళను అటూ ఇటూ మార్చి కడితే మళ్ళీ నాలుగు రోజులు భయపడతాయి. రిబ్బన్ల చెరువులో రొయ్య కొంచెం ఎక్కువే పోయింది, చచ్చిన పక్షి మాత్రం ఒక్కటీ లేదు. వల ఉన్న చెరువులో ఆరు చచ్చాయి. వచ్చే పంటకు రెండింటి మీదా తాళ్ళే కడతానని మాట ఇవ్వలేను. లావు దారం వల ధర అడుగుతున్నాను.

ఉప్పుటేరు (జనవరి 9)

ఏటా జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, 1987 నుంచి నడుస్తున్న పని ఇది. పక్షుల పేర్లు రాకపోయినా ఫరవాలేదు, అంకెలు రాసుకునే చేయి ఒకటి ఎప్పుడూ కావాలి. దూరం వెళ్ళగలిగినవారు కొల్లేటి ఒడ్డున ఆటపాకకు వెళ్ళి గూడబాతులను చూసి రండి. పిల్లల గొంతుల్లోకి తల్లి తెచ్చిన చేప దిగడం చూస్తే మీ ఇంటి పిల్లలు ఫోను పక్కన పెడతారు.

సంక్రాంతికి గాలిపటం ఎగరేసేవారు నైలాను మాంజా కొనవద్దు. 2017లోనే హరిత ట్రిబ్యునల్ దాన్ని నిషేధించినా దుకాణాల్లో దొరుకుతోంది. పండుగ దాటాక కొబ్బరి మట్టల్లో చిక్కుకున్న ఆ దారానికి గబ్బిలాలు, గుడ్లగూబలు నెలల తరబడి తగులుకుంటాయి.

ఇసుకతిన్నె (ఫిబ్రవరి 12)

ధనిష్ఠ. అంతర్వేది వైపు మా తీరానికి సముద్రపు తాబేళ్ళు వస్తున్నాయి. మొన్న రాత్రి రెండు గంటలప్పుడు ఒకటి ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో కుండ ఆకారంలో గుంట తీసి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో చరిచి చదును చేసి వెళ్ళింది. మేము లైటు వేయకుండా దూరంగా కూర్చున్నాం. మా చిన్నమ్మాయి ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. ఆ గుడ్లు నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పొదుగుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయని మాస్టారు మునుపు ఒకసారి చెప్పారు.

అదే వారంలో ఒడ్డుకు కొట్టుకువచ్చిన చచ్చిన తాబేళ్ళు మూడు చూశాను. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, మరబోటు వలలో ఇరుక్కుంటే మునిగి చస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజుల వేట విరామం ఉంది గాని, తాబేళ్ళు ఎక్కువగా వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు దానిలోకి రావు. వల గొంతు దగ్గర కమ్మీల చట్రం బిగించి, తాబేలు పైనుంచి జారిపోయేలా కంత పెట్టే పరికరం ఉంది. దాని గుండా చేప కూడా పోతుందని మావాళ్ళు దాన్ని తీసేస్తున్నారు. డీజిలు ఖర్చు కూడా రాని రోజున ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. చట్రం వలన తగ్గిన చేపకు ఎంతో కొంత పరిహారం ఇస్తే తప్ప ఈ మాట ముందుకు నడవదని నా అభిప్రాయం.

ఇంకొకటి. తీరానికి ఎదురుగా ఒక అతిథిగృహం వాళ్ళు రాత్రంతా పెద్ద దీపాలు వేస్తున్నారు. పుట్టిన పిల్లలు వెలుతురు ఉన్న వైపే సముద్రం ఉందనుకుని రోడ్డెక్కుతాయి. వెళ్ళి అడిగితే మొదట కసిరారు, రెండోసారి పాపను తీసుకుని వెళ్ళాను. మార్చి నుంచి సముద్రం వైపు దీపాలు ఆర్పుతామన్నారు. ఆర్పారో లేదో ఇక్కడే రాస్తాను.

ఇసుకతిన్నె (మార్చి 29)

రెండు ఆర్పారు. మూడోది వెలుగుతోంది.

గట్టుమీది రైతు (ఏప్రిల్ 24)

అశ్విని. కాలువలకు నీళ్ళు ఆపేశారు. మా ఊరి కాలువ మడుగులు మడుగులుగా మిగిలింది, గుర్రపుడెక్క ఎండి పడింది, ఉన్న కాసిన్ని చేపల కోసం కొంగలు, లకుముకి పిట్టలు, నత్తగుల్ల కొంగలు ఒకే మడుగు చుట్టూ చేరాయి. ఇన్నేళ్ళూ ఆ దారిన మోటారు సైకిలు మీద పోతూ ఒక్కసారి ఆగి చూడలేదు. ఈరోజు ఆగాను. మడుగు అంచు బురదలో పిల్లి అడుగులు ఉన్నాయి, నా అరచేతిలో సగం ఉన్నాయి. కాలివేళ్ళ పక్కన గోళ్ళ గీతలు కూడా పడ్డాయి. తమ్ముడూ తిల్లచెట్టూ, పిల్లి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కదా, ఇవి కుక్క అడుగులా?

తిల్లచెట్టు (ఏప్రిల్ 24)

బావురుపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు అన్నగారూ, జారుడు బురదలో గీతలు పడతాయి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి. నేను ఆదివారం వస్తాను.